వంటింటి తూర్పు గోడ

శ్యామలమ్మ వీపు చూస్తే చాలు, ఆమె ఎవరింట్లో అద్దెకుంటున్నదో నాచారంలో తెలిసిన ఆడవాళ్లంతా చెప్పగలిగేవారు. కొత్తగా పెళ్లై వచ్చినప్పుడు మల్లాపూర్ రోడ్డు పక్కన ఒంటి గదిలో ఉండేవారు. అప్పుడు ఆమె రవిక వెనక ఎప్పుడూ తెల్లటి సున్నం. ఆ తర్వాతి ఇంటి గోడలకు సున్నంలో నీలిమందు కలిపి కొట్టించారు కాబట్టి వీపు నీలంగా ఉండేది. చివరగా ఉన్న కమలకుమారి గారింట్లో ఆకుపచ్చ డిస్టెంపర్. అది కూడా తాకితే రాలే రకమే.

"గోడకు ఆనకమ్మా శ్యామలా, రంగు పోతది" అని కమలకుమారి గారు రోజూ కిటికీలోంచి ఒక కేక వేసేవారు. శ్యామలమ్మ చీరలు పాడవుతున్నాయన్న బెంగ ఆమెకు లేదు. గోడ పాడవుతుందనే బెంగ.

అందుకే, మల్లాపూర్ ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద పని చేసే భర్త బాలరాజు, నాచారం చివర చిన్న జాగాలో రెండు గదులు, ఒక వంటిల్లు లేపి, ఇక రంగులే మిగిలాయి అన్న రోజున శ్యామలమ్మ ఒకటే మాట అన్నది.

"ఇన్నేండ్లు నువ్వు జెప్పిన ఇంట్లనే ఉన్న. రంగు మాత్రం నేను జెప్పినట్టు ఏపియ్యాలె."

"ఏ రంగు కావాలె?"

"ఏ రంగైతే ఏంది? మరక తుడిస్తే పోవాలె. వీపుకు అంటొద్దు."

ఆదివారం ఇద్దరూ ఉప్పల్ వెళ్లారు. మెట్రో స్తంభాల కోసం రోడ్డు తవ్వుతున్న రోజులవి. చౌరస్తా అంతా దుమ్ము. పెయింట్ దుకాణం యజమాని మురళీధర్ గుంటూరు నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన మనిషి. అద్దాల తలుపు వేసుకొని, కూర్చున్న చోటే చిన్న గుడ్డతో గల్లాపెట్టె తుడుచుకుంటున్నాడు.

"రంగు సంగతి తర్వాత చూద్దామమ్మా. ముందు మెరుపు ఎంత కావాలో చెప్పండి" అన్నాడు.

"రంగంటే రంగే గద సార్, మల్ల ఈ మెరుపేంది?" అన్నాడు బాలరాజు.

మురళీధర్ బల్ల కింద నుంచి మూడు చిన్న చెక్క పలకలు తీసి పరిచాడు. మూడింటిదీ ఒకటే మీగడ రంగు. కాని ఒకటి ఆరిన పిండి ముద్దలా ఉంది, ఇంకొకటి కోడిగుడ్డు పెంకులా ఉంది, మూడవది కొత్త స్టీలు గిన్నెలా తళతళమంటోంది.

"ఇది మ్యాట్. వెలుతురును మింగేస్తుంది. గోడలో ఎత్తుపల్లాలు ఉన్నా కనిపించనివ్వదు. పడకగదికి మంచిది. కాని మరక పడి గట్టిగా తుడిచారనుకోండి, మరకతో పాటు రంగూ వస్తుంది. ఇది సాటిన్. కాస్త మెరుస్తుంది, కాస్త తుడవనిస్తుంది, హాలుకు వేసుకోవచ్చు. ఇదేమో గ్లాసీ, బాగా మెరిసేది. నూనె పడ్డా, కూర చిందినా గుడ్డ పెట్టి లాగేస్తే పోతుంది. వంటింట్లో పొయ్యి పక్కన వేసుకుంటారు. కాని మేస్త్రీ గోడ కాస్త వంకరగా పూశాడంటే, దాన్ని ఊరందరికీ చూపిస్తుంది."

శ్యామలమ్మ తన జడను ఒకసారి నిమిరింది. ఆ నూనె వేలిని మూడు పలకల మీదా గట్టిగా అద్దింది. తర్వాత కొంగుతో ఒక్కొక్కటీ తుడిచింది. మ్యాట్ పలక మీద నల్లటి మచ్చ అలాగే ఉండిపోయింది. సాటిన్ మీద సగం పోయింది. మూడవ పలక మీద అసలు వేలు పెట్టినట్టే లేదు.

"అయ్యో, నా శాంపిల్ పాడు చేశారమ్మా!" అని మురళీధర్ నవ్వాడు.

"గిది గావాలె" అన్నది శ్యామలమ్మ. "ఇల్లంత గిదే."

"ఇల్లంతనా?" బాలరాజు కళ్లు పెద్దవి చేశాడు. "ట్యూబులైటు వేసినమంటే దవాఖానాల పండుకున్నట్టుంటది. పండుకుంటే పైన నా మొకం నాకే కనవడ్తది."

"పైకప్పుకు ఎవరైనా తెల్లగా, మెరుపు లేనిదే వేస్తారులెండి" అని మురళీధర్ ఇద్దరి మధ్యా సర్దాడు.

చాలా సేపు మాటలు నడిచాయి. చివరికి పడకగదికి మ్యాట్, హాలుకు సాటిన్ అని బాలరాజు నెగ్గాడు. వంటింటి దగ్గరికి వచ్చేసరికి శ్యామలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"వంటింట్ల నువ్వు మాట్లాడొద్దు. అండ్ల నిలవడేది నేను."

"పొయ్యి పక్క గోడ ఒక్కటీ గ్లాసీ వేసుకుంటే చాలమ్మా. మిగతా మూడూ సాటిన్ వేయించుకోండి" అన్నాడు మురళీధర్.

"నాలుగు గోడలకు అదే ఏపిస్త."

జవహర్‌నగర్ నుంచి వచ్చే బుచ్చిరాములు రంగు వేశాడు. వంటింటి పని అయిపోయిన సాయంత్రం బ్రష్షు కడుక్కుంటూ, "అక్కా, ఇగ నీకు అద్దం గొనే పని లేదు. గోడల సూసుకోని దువ్వుకోవచ్చు" అని నవ్వి పోయాడు. శ్యామలమ్మ ఒక్కతే ఉండిపోయి, నాలుగు గోడల మీదా అరచెయ్యి పెట్టి నడిచింది. చెయ్యి ఎక్కడా ఆగలేదు. మేస్త్రీ చేసిన వంకరలన్నీ మురళీధర్ చెప్పినట్టే కనిపిస్తున్నాయి. అయినా ఆమె కళ్లకు ఆ వంటిల్లు నిండా నీళ్లు పట్టిన బిందెలా ఉంది.

కొత్తింట్లో చేరే ముందు రోజు ఆలేరు దగ్గరి ఊరి నుంచి అత్తగారు దుర్గమ్మ, బాలరాజు అక్క తారామణి, ఇంకొందరు చుట్టాలు వచ్చారు. మర్నాడు తెలంగాణ బందు. బస్సులు ఉండవని ముందే దిగిపోయారు.

దుర్గమ్మ ఒకప్పుడు నోరు గల మనిషి. ఇంటికొచ్చిన వాళ్లను తిట్టి మరీ అన్నం పెట్టేది. భర్త పోయాక ఆ నోరు మూతపడింది. దానికి భర్త పోయిన దిగులొక్కటే కారణం కాదు. మొన్న ఎండాకాలంలో తారామణి కూతురికి మొదటిసారి పట్టుచీర కట్టించే పండుగ జరిగింది. మనవరాలికి పసుపు రాద్దామని దుర్గమ్మ చెయ్యి చాచింది. అంతే, ఎవరో పసుపు పళ్లాన్ని మెల్లగా పక్కకు జరిపారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. పళ్లెం మాత్రం జరిగింది. అప్పటి నుంచి ఏ శుభకార్యమైనా దుర్గమ్మ తనంతట తానే వెనక వరుసకు పోయి, రెండు చేతులూ కొంగులో చుట్టుకొని కూర్చుంటుంది. ఆ రోజు శ్యామలమ్మ అక్కడే ఉంది. పళ్లెం జరగడం చూసింది. అప్పుడు ఏమీ అనలేకపోయింది.

ఇప్పుడు అత్తగారు వంటింటి గడప బయటే ఆగి లోపలికి తొంగి చూస్తోంది.

"మస్తు మెరుస్తున్నది బిడ్డా" అన్నది.

"లోపలికి రండ్రి అత్తమ్మా. రేపు ఎల్లమ్మను మీరే వెట్టాలె."

వాళ్లింట్లో ఎల్లమ్మకు బొమ్మ ఉండదు. వంటింటి తూర్పు గోడకు పసుపు పూసి, దాని మీద కుంకుమ బొట్లు పెడితే అదే ఎల్లమ్మ. ఇంటికి పెద్ద ఆడది ఆ పని చేయాలి. ఆ తర్వాతనే పొయ్యి వెలిగించి పాలు పొంగించాలి. అద్దె గోడల మీద మరక చేస్తే ఇంటివాళ్లు ఊరుకోరు గనుక, ఇన్నేళ్లూ శ్యామలమ్మ మేకుకు తగిలించిన ఫోటోకే దండం పెట్టుకుంది. సొంత గోడ వచ్చింది గనుక అమ్మవారు గోడ మీదికి రావాలి.

దుర్గమ్మ తల అడ్డంగా ఊపింది. "నన్నెందుకు బిడ్డా? నువ్వున్నవ్, తారామణి ఉన్నది. నా చెయ్యి మంచిది గాదు."

"ఎవరన్నరు?"

"ఎవరనాలె? నాకు తెల్వదా?"

"నాకు ఎల్లమ్మను వెట్టుడే రాదు. ఎన్నడన్న వెట్టిన్నా? నేను పిలిస్తే ఆమె వస్తదా? మిమ్ములను సూస్తెనే గుర్తువడ్తది."

దుర్గమ్మ మెరిసే గోడ వైపు చూసింది. ఆఖరికి, "పసుపు నేనే నానేస్త. మీరు నీళ్లెక్కువ వోస్తరు" అన్నది. ఆ మాట వినగానే శ్యామలమ్మ పసుపు డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టింది.

సాయంత్రం కూరగాయలు తరుగుతూ తారామణి గొంతు తగ్గించి అడిగింది. "ఎందుకు శ్యామలా ఈ మొండితనం? మా అవ్వంటే నాకు ప్రేమ పావురం లేదనుకున్నవా? రేపు జర ఏమన్న అటిటైతే అందరు ఆమెనే అంటరు. ఇప్పుడు గింత మూలకు కూసుంటున్నది. అప్పుడు మనిషే దక్కదు."

"ఏం గాదు వదినా."

"ఏం గాకుంటే మంచిదే" అని తారామణి వంకాయను రెండుగా చీల్చింది.

పొద్దున్నే తలస్నానాలయ్యాయి. బందు వల్ల రోడ్డు మీద అలికిడి లేదు. బుచ్చిరాములుకు కొత్త బట్టలు పెడదామని పిలిచారు గాని, జవహర్‌నగర్ నుంచి ఆటోలు కూడా నడవక అతడు రాలేకపోయాడు. చుట్టాలంతా హాల్లో, వంటింటి గుమ్మం దగ్గర గుమిగూడారు. కొత్త గిన్నెలో పాలు పోసి పొయ్యి పక్కన పెట్టారు.

దుర్గమ్మ పసుపు గిన్నె పట్టుకొని తూర్పు గోడ ముందు నిలబడింది. పసుపు ముద్దను అరచేతిలోకి తీసుకొని, పెదాలు కదుపుతూ, ఊరి మట్టిగోడకు పూసినట్టే ఒక్క ఊపున గోడకు రాసింది.

పసుపు గోడను పట్టుకోలేదు. చెమట చుక్కల్లా విడివిడిగా పోగై, సన్నటి ధారలు కట్టి కిందికి జారింది.

దుర్గమ్మ మళ్లీ రాసింది, ఈసారి ఇంకా చిక్కగా. ముద్దకు ముద్ద గోడ మీద నుంచి మెల్లగా దిగి, గచ్చు మీద పడింది. తడబడుతూ కుంకుమ బొట్టు పెట్టబోయింది. అదీ జారి, ఎర్రటి గీత అయింది.

వెనక నుంచి ఒక ముసలామె, "ఎల్లమ్మ వద్దంటున్నది" అన్నది. నెమ్మదిగానే అన్నది. కాని అందరికీ వినిపించింది.

తారామణి కళ్లు మూసుకుంది. "నేను జెప్పలేదా" అని మాత్రం అన్నది. ఆ మాటలో కోపం లేదు, ఏడుపు ఉంది.

దుర్గమ్మ గిన్నె కింద పెట్టింది. పచ్చటి చేతిని తెల్ల చీరకే తుడుచుకొని, ఎవరి ముఖం చూడకుండా వెనక తలుపులోంచి బయటికి పోయి, నీళ్ల డ్రమ్ము పక్కన గోడ వైపు తిరిగి నిలబడింది.

"ఏమన్న కోపమొచ్చిందా అవ్వకు? రంగు నచ్చలేదా?" బాలరాజు అయోమయంగా భార్యను అడిగాడు.

మొదట శ్యామలమ్మకూ అలాగే తోచింది, తన వంటిల్లు అత్తగారికి నచ్చలేదని. తర్వాత డ్రమ్ము పక్కన వంగిన ఆ వీపు చూసింది. ఆ రెండు చేతులూ మళ్లీ కొంగులోకి పోయి ఉన్నాయి. ఆ మనిషికి ఇంటి మీద కోపం లేదు. పళ్లెం జరిపినవాళ్లే నిజమని, అమ్మవారు కూడా అదే మాట చెప్పిందని నమ్మింది. ఇక జన్మలో ఏ పసుపు గిన్నె ముట్టదు.

ఆమెను తెచ్చి ఆ గోడ ముందు నిలబెట్టింది తనే. ఆ మాట గుచ్చుకునేసరికి శ్యామలమ్మ పసుపు గిన్నె ఎత్తుకుంది. నిండా గాజులున్న తన చేతిని గిన్నెలో ముంచి, అత్తగారు రాసిన చోటు పక్కనే గోడకు బలంగా రాసింది. అది కూడా అలాగే చుక్కలు కట్టి, అలాగే జారింది.

"సూసిన్రా?" అన్నది అందరి వైపు తిరిగి. ఆమె గొంతు ఎప్పుడూ అంత పైకి లేవలేదు. "నేను ముత్తైదువనే గదా? నాకెందుకు ఆగలే?"

తారామణి గుండెల మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో శ్యామలా! నీ చేతికి గూడ ఆగలేదంటే ఇల్లే మంచిగ లేదన్నట్టు గద!"

"అయితే ఇంటిదే తప్పు. అత్తమ్మది గాదు గద?"

"ఇంట్లకు వస్తనే గట్లంటవేందే?" బాలరాజు కంగారుపడ్డాడు.

"అననీ. నా ఇంటిని ఎన్నన్న అననీ."

అంటూనే శ్యామలమ్మ కింద చూసింది. జారిన పసుపు, గోడ అడుగున ఇంకా రంగు వేయని పట్టీ మీద, గరుకు సిమెంటు మీద అంటుకొని ఉంది. గోరుతో గీకింది. రాలేదు. కొంగుతో తుడిచింది. పోలేదు. తల ఎత్తి తన నున్నటి గోడను చూసింది. నూనె నిలవదు, మసి నిలవదు, ఏదీ నిలవదు. ఏదీ నిలవవద్దనే గదా తనే పట్టుబట్టి వేయించుకుంది. పొయ్యి గోడకు చాలని దుకాణాయన చెప్పినా, నాలుగు గోడలకూ అదే కావాలన్నది. తూర్పు గోడకు పసుపు కావాలని అప్పుడు ఒక్కసారీ గుర్తుకు రాలేదు. అద్దె ఇళ్లలో ఉండి ఉండి, గోడ అంటే మరక పడకుండా కాపాడవలసినదని మాత్రమే నేర్చుకుంది.

గబగబా బయటికి నడిచింది. ఇల్లు కట్టగా మిగిలిన కుప్పలోంచి చేతికందిన ఇటుక ముక్క తీసుకొని వచ్చింది. తూర్పు గోడ ముందు నిలబడి, కళ్లు మూసుకొని, ఒక్కసారి గీసింది.

కరకరమని చప్పుడైంది. మెరిసే మీగడ రంగు మీద పొడుగాటి గీత పడింది.

"ఏయ్! పిచ్చి లేసిందా? కొత్త రంగు ఖరాబైతది!" బాలరాజు చెయ్యి పట్టుకోబోయాడు.

"వంటింట్ల నువ్వు మాట్లాడొద్దన్న."

గీసిన కొద్దీ మెరుపు పోయి, కింది తెల్లటి పూత తేలింది. ఇటుక పొడి ఆమె చేతుల మీద, కొత్త చీర మీద రాలింది. రంగు పెచ్చులు గోళ్లలోకి పోయాయి. లోపల ఎక్కడో నొప్పిగానే ఉంది. అయినా ఆమె చెయ్యి ఆగలేదు. చుట్టాలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ దారి ఇచ్చారు. విస్తరాకంత చోటు గరుకుగా అయ్యాక, ఆయాసపడుతూ వెనక తలుపు దగ్గరికి వెళ్లింది.

"అత్తమ్మా, రండ్రి."

"వద్దు బిడ్డా. నన్ను ఇడిసిపెట్టు. మీరు పాలు వొంగియ్యిరి."

"గోడ నున్నగ ఉన్నది. పసుపు జారింది. గంతే. నేను రాసినా జారింది, ఇనలేదా?"

"నన్ను సముదాయించుటానికి జెప్తున్నవ్."

"సముదాయింపు గాదు. ఆ రంగు నేనే ఏపిచ్చిన. ఏది అంటొద్దని కోరి ఏపిచ్చిన. ఎల్లమ్మ వద్దనలే, మీ చెయ్యి జారలే. నా తెలివితక్కువ జారింది." "మీరు వెట్టేదాక నేను పొయ్యి ముట్టియ్య. పొద్దుగూకెదాక అయినా సరే, పాలు గట్లనే ఉంటయ్."

దుర్గమ్మ మెల్లగా ఇటు తిరిగింది. కోడలి చేతులు, ఎర్రటి పొడి నిండిన చీర చూసింది. గడప దాటి లోపలికి వచ్చింది. గోడ మీద గీకిన చోట అరచెయ్యి ఆనించింది. ఆ చెయ్యి అక్కడ జారలేదు. కాసేపు అలాగే ఉంచింది, పాత చుట్టాన్ని తడిమి గుర్తుపడుతున్నట్టు.

తర్వాత ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"గింతేనా గీకింది?"

"ఆఁ?"

"గింత జాగల ఎల్లమ్మ ఎట్ల కూసుంటది? కాళ్లు ముడుసుకోని కూసుంటదా? ఇటియ్యి ఆ ఇటుక."

శ్యామలమ్మ చేతిలోంచి ఇటుక ముక్క లాక్కొని దుర్గమ్మ తనే గీకడం మొదలుపెట్టింది. "బాలరాజూ, బొమ్మలెక్క నిలవడకు, ఆ పొడి ఊడ్వు. తారామణీ, ఏడిసింది సాలు, కుంకుమ వళ్లెం దగ్గరికి తే. ఇంక దగ్గరికి. నీ చేతులేమన్న పొట్టియా?"

తారామణి ముక్కు చీదుతూ, నవ్వుతూ పళ్లెం తెచ్చి తల్లి చేతి కిందనే పట్టుకుంది.

దుర్గమ్మ గిన్నెలో అడుగున మిగిలిన పసుపు అంతా ఊడ్చి తీసుకుంది. గరుకు గోడ పసుపును పీల్చుకుంది. ఒక మూల నుంచి ఇంకొక మూలకు నింపాదిగా పూసి, వేలితో కుంకుమ అద్ది బొట్లు పెట్టింది. పెట్టిన చోటే నిలిచాయి. అంచు దాటిన ఒక్క బొట్టు మాత్రం మెరిసే రంగు మీద పడి కొంచెం జారింది. దుర్గమ్మ దాన్ని చూసి, "ఈ పక్క గూడ రేపు గీకాలె" అన్నది తనలో తాను. శ్యామలమ్మ ఒక్క క్షణం తన గోడ మిగిలిన భాగం వైపు చూసుకొని, "గీకుదాం అత్తమ్మా" అన్నది.

దుర్గమ్మ వెనక్కి తిరిగింది. గుమ్మంలో అంతా చేతులు జోడించి నిలబడి ఉన్నారు. ఎల్లమ్మ వద్దంటున్నదని అన్న ముసలామె అందరికంటే ముందు నిలబడింది.

"ఏంది గట్ల సూస్తున్రు?" అన్నది దుర్గమ్మ. "పొయ్యి ముట్టియ్యరేందే?"